వరుసల లెక్క

కంప్యూటర్ చదవని వరుస లెక్కలోకి రాదు. సర్వేకి ఉన్న మొదటి నియమం అదే. ప్రోగ్రాం రాసేవాళ్లు మధ్యమధ్య తమ కోసమో, తర్వాత వచ్చేవాళ్ల కోసమో మామూలు భాషలో నాలుగు మాటలు రాసిపెడతారు. ఇక్కడ జాగ్రత్త అనో, ఇది ఎందుకు పెట్టానంటే అనో. వాటిని వ్యాఖ్యలంటారు. యంత్రం వాటి మొహం కూడా చూడకుండా దాటిపోతుంది. అవి మనుషుల కోసం రాసినవి, అంచేత లెక్కలోకి రావు.

సైన్యం వాడే ప్రోగ్రాములన్నీ ఏయే భాషల్లో ఉన్నాయి, ఒక్కోదానిలో ఎన్ని వరుసలున్నాయి, ఏ భాషను ఉంచుకోవాలి, దేన్ని సాగనంపాలి అని తేల్చడానికి పెద్దాఫీసు వేసిన సర్వే అది. ఆ పని మీద ఊరూరా తిరుగుతున్న ఆవిడకు తోటివాళ్లు లెక్కలమ్మ అని పేరు పెట్టారు. వెనకాలే అనేవారు గానీ ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా.

ఆ ఆదివారం సాయంత్రం లెక్కలమ్మ అన్నయ్య ఇంటి వంటగదిలో పీట మీద కూర్చుని, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా, ఒక మాట ఎలా ఎత్తుకోవాలా అని చూస్తోంది. ఎదురుగా వదిన బీన్స్ ఈనెలు తీస్తోంది. గిల్లి, లాగి, ఈనె ఒక పక్కకీ కాయ ఒక పక్కకీ, చూడకుండానే. పక్కింటావిడ కరివేపాకు కోసం తొంగిచూసి "ఎవరండీ చుట్టాలా?" అంది.

"చుట్టాలేంటండీ, మా బుజ్జి," అంది వదిన.

పక్కింటావిడ వెళ్లాక లెక్కలమ్మ గొంతు సవరించుకుంది. "రేపు మీ డిపోకే వస్తున్నాను వదినా."

"తెలుసు. సర్క్యులర్ అంటించారు. లెక్కలమ్మ వస్తోందని మావాళ్లకి నిద్రల్లేవు. నేను మాత్రం నోరు మెదపలేదు, నువ్వే వచ్చి చెబుతావు కదా అని."

"అదే చెబుదామని. పెద్దాఫీసులో అడిగారు, ఆ డిపోలో నీ వాళ్లెవరైనా పనిచేస్తున్నారా అని. లేరన్నాను."

వదిన చేతిలో బీన్స్ కాయ సగం గిల్లి ఆగింది. "ఎందుకన్నావు?"

"ఉన్నారంటే ఈ డిపో ఇంకొకరి చేతికిస్తారు. మొదటి నుంచి చివరిదాకా నా ఒక్కదాని చేతిమీదుగా పూర్తయితే సర్వే విభాగం నాకే అప్పగిస్తామన్నారు వదినా. ఇదొక్కటే మిగిలింది." అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపలేదు. "అయినా వాళ్లడిగేది రక్తసంబంధం గురించి కదా."

"అవును, నాది పెళ్లితో వచ్చిన వరసే," అంటూ వదిన నవ్వి, సగం గిల్లిన కాయను పూర్తిగా తుంచింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"అక్కడ మనం ఎరగనట్టు ఉందాం. పని అయ్యేదాకానే."

"సరే, ఎరగను. మేడమ్ అని పిలుస్తాలే. నువ్వు మాత్రం అలవాటు కొద్దీ వదినా అనేసేవు."

ముందు గదిలోంచి అమ్మ "ఏంటర్రా ఆ గుసగుసలు, నా మీదేనా?" అంది. ఇద్దరూ ఒకేసారి "నీ మీదే" అన్నారు. అంత తేలిగ్గా జరిగిపోయింది. లెక్కలమ్మ చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేసింది.

*

డిపో గేటు దగ్గర సిపాయి "ఎవరి కోసమమ్మా?" అని అడిగాడు. "సర్వే," అని లెక్కలమ్మ మెడలోని కార్డు చూపించింది. అతను నిటారుగా నిలబడి దారి ఇచ్చాడు.

వదిన పనిచేసే సెక్షన్ నడవా చివర ఉంది. ఫినాయిల్ వాసన, తిరిగినప్పుడల్లా టిక్కుమనే ఫ్యాను, గుడ్డ కప్పిన పాత మానిటర్లు. విమానంలోంచి పారాచూట్ కట్టి సామాను వదిలితే గాలికి ఎటు కొట్టుకుపోయి ఎక్కడ దిగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం వాళ్లది. వరదల్లో, కొండల్లో చిక్కుకున్న దళాలకు మందులు, తిండి చేరాలంటే అదే ఆధారం. ఫోర్ట్రాన్‌లో ఉంది. ఆ భాష పేరు చెబితే కుర్రకారు మ్యూజియం దారి చూపిస్తారు. గాలి లెక్కలు చూసేది వదిన కాబట్టి డిపో మొత్తం ఆమెను గాలమ్మగారంటారు. వదిన ఈ పేరుకు మురిసిపోయేదీ కాదు, నొచ్చుకునేదీ కాదు. పిలిస్తే పలికేది.

"మేడమ్, ఆ కుర్చీ ఊగుతుంది. ఇందులో కూర్చోండి," అని వదిన తన కుర్చీ జరిపి, తను ఊగేదాన్ని తీసుకుంది. మేడమ్ అన్నప్పుడు కంట్లో చిన్న మెరుపు మెరిసింది. లెక్కలమ్మ దాన్ని చూసీ చూడనట్టు లాప్‌టాప్ తెరిచింది.

వరుసలు లెక్కపెట్టే ప్రోగ్రాం ఆమె సొంతంగా రాసుకున్నదే. ఫైళ్లన్నీ దాని నోట్లో వేస్తే, ఇన్ని పని చేసే వరుసలు, ఇన్ని వ్యాఖ్యలు అని తేల్చి చెబుతుంది. వ్యాఖ్యల్ని బూడిద రంగులోకి మార్చి చూపిస్తుంది. వేరే ఊళ్లలో చాలాచోట్ల పనిచేసింది, ఎవరూ కిక్కురుమనలేదు. ఇక్కడా నడిపించింది. తెర మీద అంకెలు ఆగాక ఆమె కనుబొమలు పైకి లేచాయి. సగానికి పైగా వ్యాఖ్యలే.

వ్యాఖ్యలు సగం దాటిన ప్రోగ్రాం 'సాగనంపదగినవి' అన్న వర్గంలోకి పోతుంది. ప్రోగ్రాం పోతే సెక్షన్ పోతుంది. సెక్షన్ పోతే వదినను తీసుకెళ్లి స్టోర్సులో బూట్ల సైజులు చూసుకునే గదిలో పడేస్తారు. ఇందులో ఏదీ ఆ గదిలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

"ఇన్ని వ్యాఖ్యలేంటండీ?" అంది లెక్కలమ్మ.

వదిన ముందుకు వంగి చూసింది. "అన్ని ఉండవే మేడమ్. రాస్తాను గానీ మరీ ఇంత కాదు."

"యంత్రం చెబుతోంది కదా."

"ఒక్క ఫైలు తెరిచి చూస్తారా?"

"మధ్యాహ్నం ఇంకో సెక్షన్ ఉందండీ, టైం లేదు."

టైం ఉంది. కావాలంటే అప్పటికప్పుడే ఒక ఫైలు తెరిచి చూడొచ్చు. కానీ ఆ అంకె చూడగానే లెక్కలమ్మ మనసులో మొదట కలిగింది అనుమానం కాదు, ఊరట. రేపు ఎప్పుడైనా చుట్టరికం బయటపడినా, తనవాళ్లని వెనకేసుకొచ్చిందని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ ఊరట ఎంత హాయిగా ఉందంటే దాన్ని కదిలించబుద్ధి కాలేదు. వదిన మంచినీళ్ల గ్లాసు మీద మూత పెట్టి ఆమె చేతికి అందే చోట ఉంచింది.

*

మర్నాడు అప్పటిదాకా అయిన సర్వే మీద సమావేశం. పొడుగాటి బల్ల చుట్టూ యూనిఫారాలు, బల్ల కొసన డిపో అధిపతి. వెనక గోడకు ఆనుకుని ఆయా సెక్షన్ల వాళ్లు నిలబడ్డారు. కుర్చీలు చాలక కాదు, అక్కడ పద్ధతి అది.

లెక్కలమ్మకు ఒక దురలవాటు ఉంది. గదిలో పెద్దవాళ్లకు విసుగు పుడుతోందని తోస్తే, ఏదో ఒకటి చెప్పి నవ్వించకుండా ఉండలేదు. రాడార్ల సెక్షన్ అంకెలు, వైర్‌లెస్ సెక్షన్ అంకెలు అయ్యేసరికి డిపో అధిపతి ఆవలింతను మీసాల కింద దాచుకోవడం ఆమె కంటపడింది. వెంటనే గాలి లెక్కల ఫైలు తెర మీదికి తెచ్చింది.

"ఇది సగం ప్రోగ్రాం సార్, సగం కబుర్లు."

ఆయన నిటారుగా కూర్చున్నారు. "కబుర్లా?"

"వినండి సార్. 'గాలి ఎదురొస్తే కింది అంకెను నమ్మకండి. నేను నమ్మాను. పెట్టెలు ఏట్లో పడ్డాయి.'"

బల్ల చుట్టూ చిన్న నవ్వు లేచింది. లెక్కలమ్మకు ఉత్సాహం వచ్చింది. "ఇంకోటి చూడండి. 'ఈ ముక్క ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలియదు. పనిచేస్తోంది. దండం పెట్టి దాటిపోండి.'" ఈసారి నవ్వు పెద్దదైంది. ఎవరో బల్ల చరిచారు. గోడ దగ్గర నిలబడ్డ సెక్షన్ పెద్దాయన కూడా, పై అధికారులు నవ్వుతున్నారు కదా అని నవ్వాడు.

"ఇది మరీ బాగుంది సార్," అని ఆమె గొంతు కాస్త సాగదీసింది. "'నువ్వెవరివో నాకు తెలియదమ్మా. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చుంటావు. కంగారుపడకు. ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు, అన్నీ చెబుతాను.'" అమ్మా అన్న చోట వదిన ఎలా ఒక్క క్షణం ఆగుతుందో అలాగే ఆగింది. నెమ్మదిగా అన్న మాటను వదిన అన్నంత నెమ్మదిగా అంది. "కుర్చీ ఊగుతుందని మాత్రం రాయలేదు సార్."

గది గొల్లుమంది. డిపో అధిపతి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "అచ్చం గాలమ్మగారు మాట్లాడినట్టే చదివారండీ. ముందే పరిచయమా మీ ఇద్దరికీ?"

ఆయన సరదాకే అడిగారు. కానీ సరదా ప్రశ్నకూ జవాబు చెప్పాలి కదా. ఆమె చూపు గోడ వైపు వెళ్లింది. వదిన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముఖం మీద నవ్వు ఉంది. నలుగురూ మనల్ని చూసి నవ్వుతుంటే మనమూ పెట్టుకుంటామే, ఆ నవ్వు.

"లేదు సార్. నిన్న పొద్దున్న చూడటమే," అంది వదిన.

*

సాయంత్రం ఏదో వంక చెప్పి గెస్ట్‌హౌసులో ఉండిపోదామనుకుంది. అన్నయ్య ఫోను చేసి "రాకపోతే అమ్మ నా ప్రాణం తీస్తుంది" అన్నాడు. వెళ్లింది. దారి పొడుగునా వదిన ఏమంటుందో, తను ఏమనాలో కూడబలుక్కుంది. తిడితే పడాలనుకుంది. మాట్లాడకపోతే కాళ్లు పట్టుకుందామనుకుంది. నిజంగా పట్టుకునేది కాదనుకోండి, అలా అనుకుంటే కాస్త తేలికగా ఉంది.

తలుపు తీసింది అమ్మ. తీస్తూనే కూతురి రెండు బుగ్గలూ పట్టుకుంది. "నా తల్లే. వదిన చెప్పిందిలే అంతా."

లెక్కలమ్మ చెప్పులు విప్పబోయి ఆగింది. "ఏం చెప్పింది?"

"వాళ్లంతా వదిన రాసినదాన్ని చదివి ఎగతాళి చేస్తుంటే నువ్వు లేచి ఆపావటగా. ఎరగనట్టు ఉండాలని చెప్పి కూడా ఊరుకోలేకపోయావట."

అన్నయ్య స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. గోళ్లలో రంగులు ఇంకా పోలేదు. ఆ చేత్తోనే ఆమె నెత్తి మీద మెల్లగా మొట్టాడు. "నీకు ఉద్యోగం తప్ప ఏమీ పట్టదనుకున్నానే. పర్లేదు, మనిషివే."

కంచాలు పెట్టారు. వదిన వడ్డిస్తోంది. లెక్కలమ్మకు కూర అడుగున మాడిన ముక్కలంటే ఇష్టమని, గిన్నె వంచి, గరిటెతో గీకి, వాటిని ఆమె కంచంలోనే వేసింది. ఎప్పుడూ వేసేంతే వేసింది. ముఖంలోకి చూడలేదు, చూడకుండానూ లేదు. లెక్కలమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అన్నయ్య "ఇంతకీ ఏమని ఆపావు?" అని అడిగాడు. ఆమె తల వంచుకుని "ఏదోలే," అంది. అమ్మ దాన్ని సిగ్గనుకుని మరింత మురిసిపోయింది. సిగ్గే. అమ్మ అనుకున్న రకం కాదు.

ఎంగిలి కంచాలు కడిగేచోట ఇద్దరే ఉన్నప్పుడు లెక్కలమ్మ వదిన మోచెయ్యి పట్టుకుంది. "ఎందుకలా చెప్పావు?"

వదిన మోచెయ్యి విదిలించలేదు. కడుగుతున్న కంచం మాత్రం ఆపలేదు. "ఎలా చెప్పాలి మరి?"

"జరిగింది చెప్పాల్సింది. నేను తిట్లు తినేదాన్ని."

"నువ్వు తిట్లు తింటావు, నీకు బాగుంటుంది. నాకో? నా రాత చదివి నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసింది నా ఇంటి పిల్లేనని మీ అన్నయ్య దగ్గర, మీ అమ్మ దగ్గర ఏ మొహం పెట్టుకుని చెప్పుకోను? నీ పరువు కోసం కాదులే, నా పరువు కోసం." ఆమె కంచాన్ని నీళ్లలో జాడించి బోర్లించింది. "కుర్చీ సంగతి మాత్రం నువ్వు అనకుండా ఉండాల్సింది."

లెక్కలమ్మ ఏడ్చింది. వదిన ఓదార్చలేదు. తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చి, కడిగిన గిన్నెలు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

*

బుధవారం పొద్దున్న సర్వేకి ఇచ్చిన గదిలో లెక్కలమ్మ తలుపు దగ్గరగా వేసుకుని వదిన ఫైలు తెరిచింది. తప్పు దిద్దుకుందామన్న ఆలోచనేమీ లేదు. నిన్న అందరి ముందూ సాగదీసి చదివిన ఆ మాటలు చెవుల్లో తిరుగుతూనే ఉన్నాయి, అంతే. నువ్వెవరివో నాకు తెలియదమ్మా. ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. ఎవరూ నవ్వని చోట, నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.

వ్యాఖ్యలు బూడిద రంగులో ఉన్నాయి. గాలి దిశ ఎలా తీసుకోవాలో ఒకటి చెబుతోంది. దాని కింది వరుసా బూడిద రంగే. ఆమె దాన్ని దాటేసి, మళ్లీ వెనక్కి వచ్చింది. అది కబురు కాదు. గాలి వేగం లెక్కగట్టే భాగాన్ని పిలిచే వరుస. పని చేసే వరుస. దాని కింద అలాంటిదే ఇంకొకటి. తర్వాత పేజీలో వరసగా బోలెడు.

ఆ పాత భాషలో వరుస మొదటి గడిలో ఇంగ్లీషు 'సి' అక్షరం వేస్తే, అది వ్యాఖ్య అని గుర్తు. మొదటి గడిలోనే ఉండాలి. ఇంకా లోపలికి ఉంటే అది మామూలు అక్షరం. ఆమె లెక్కింపు ప్రోగ్రాం చేసిన నిర్వాకం ఏమిటంటే, ముందు వరుస మొదట్లో ఉన్న ఖాళీలన్నీ తుడిచేసి, ఆ తర్వాత మొదటి అక్షరం చూస్తోంది. ఇంకో భాగాన్ని పిలవడానికి రాసే 'కాల్' అన్న మాట 'సి'తోనే మొదలవుతుంది. అంచేత పిలిచే ప్రతి వరుసనూ అది కబురనుకుని పక్కన పడేసింది. వదిన ప్రోగ్రాం నిలబడిందే పిలుపుల మీద. గాలిని ఒక భాగం చూసుకుంటుంది, బరువును ఒకటి, పారాచూట్ గొడుగు విచ్చుకోవడాన్ని ఒకటి. అన్నిటినీ పిలుచుకుంటూ, ఒకదాని జవాబు ఇంకోదానికి అందిస్తూ పోయే ప్రోగ్రాం అది.

ఖాళీలు తుడిచే ముక్క తీసేసి మళ్లీ నడిపించింది. వ్యాఖ్యలు పావు వంతుకు కూడా రాలేదు. అన్ని ఉండవే మేడమ్ అని వదిన అననే అంది.

ఆమె పెద్దాఫీసుకు ఫోను చేసింది. సర్వే పెద్ద సాంతం విని "ఫోర్ట్రాన్ ఇంకెక్కడెక్కడ తగిలింది నీకు?" అని అడిగాడు. ఆమె ఊళ్ల పేర్లు చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గిపోయింది. వాటిలో రెండుచోట్ల సెక్షన్లు అప్పటికే మూసేశారు. అక్కడి మనుషుల ముఖాలు గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రాలేదు. ఫైళ్లు గుర్తున్నాయి.

"రేపు చివరి సమావేశంలో దీన్ని ఎత్తకు. ఇక్కడికొచ్చాక నిదానంగా చూద్దాం," అన్నాడాయన. "విభాగం నీ చేతికి రాబోతోంది. బుర్ర పెట్టి ఆలోచించు."

నిదానంగా చూడటమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

*

గురువారం అదే బల్ల, అదే గోడ. లెక్కలమ్మ లేచి, ఏ నవ్వులూ లేకుండా, మొన్నటి అంకె తప్పని చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో తెర మీద చూపించింది. ఖాళీలు తుడవడం, 'సి' అక్షరం, పిలిచే వరుసలు, అన్నీ. ఇలాంటి లెక్కే వేరే ఊళ్లలోనూ తప్పిందని, వాటినీ తిరగతోడాలని రాసి పంపించానని కూడా చెప్పింది.

గదిలో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అంతకంటే ఘోరం, మెచ్చుకున్నారు. డిపో అధిపతి మెల్లగా చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు. "యంత్రాలన్నాక పొరపాటు మామూలే. మీ అంతట మీరు బయటపెట్టారు చూడండి, అదీ. గాలమ్మగారి సెక్షన్‌కి ఢోకా లేదన్నమాట. బయటి మనిషి అయ్యుండి కూడా ఆవిడ కోసం ఇంత శ్రద్ధ తీసుకున్నారంటే..."

ఇక కూర్చోవచ్చు. కూర్చుంటే అయిపోయేది. సెక్షన్ నిలబడేది, లెక్క సరిపోయేది, విభాగం కూడా బహుశా చేతికొచ్చేది. గోడ దగ్గర వదిన ముఖంలో మొదటిసారి బిగువు సడలింది. కానీ చప్పట్లు లెక్కలమ్మ ఒంటి మీద గొంగళిపురుగుల్లా పాకుతున్నాయి. ఇంట్లో మొన్న పెట్టించుకున్న మెప్పు అరగనే లేదు, దాని మీద ఇది.

"నేను బయటి మనిషిని కాదు సార్," అంది. "ఆవిడ నాకు వదిన అవుతుంది. మా అన్నయ్య భార్య. ఎరగనట్టు ఉండమని నేనే అడిగాను. పెద్దాఫీసులోనూ నేనే దాచాను. మొన్న ఆవిడ మీకు చెప్పింది నా మాట నిలబెట్టడానికే. ఆవిడ తప్పేం లేదు."

చప్పట్లు కొట్టిన చేతులు బల్ల మీదికి దిగాయి. డిపో అధిపతి కళ్లజోడు పెట్టుకుని ఆమెను చూశారు, తర్వాత గోడ వైపు చూశారు. మళ్లీ ఆమె వైపు తిరిగారు.

"అలాగా," అన్నారు నెమ్మదిగా. "అయితే ఈ కొత్త లెక్క వదిన కోసమన్నమాట."

"కాదు సార్. మొదటిదే తప్పు. ఇదే సరైన..."

"మొదటిది పరాయి మనిషిగా చెప్పారు. ఇది ఇంటి మనిషిగా చెబుతున్నారు. నేను దేన్ని నమ్మాలి చెప్పండి." ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "రెండూ పక్కన పెడదాం. ఇంకొకరిని పంపమని రాస్తాను. అప్పటిదాకా ఈ సెక్షన్ పని ఆపండి. గాలమ్మగారూ, మొన్న నాతో అందరి ముందూ లేదు సార్ అన్నారు. దానికి మీరు సంజాయిషీ రాసివ్వాలి."

"రాస్తాను సార్," అంది వదిన.

తెర మీద అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. సరైన అంకె. ఎవరూ దాని వైపు చూడటం లేదు.

నడవాలో ఆమె వదిన వెనక పరుగులాంటి నడకతో వెళ్లింది. "వదినా, నిజం చెప్పేస్తే..."

వదిన ఆగింది. సెక్షన్ గది తలుపు మీద చెయ్యి వేసి ఉంది. లోపల ఫ్యాను టిక్కు టిక్కుమంటోంది. "నవ్వేటప్పుడు పరాయిదానివయ్యావు. నా పని నిలబడే టైముకి ఇంటిదానివయ్యావు. ఆ రెండూ అటుదిటూ ఇటుదటూ అయ్యుంటే నాకు బాగుండేది బుజ్జీ."

"ఆ చప్పట్లు భరించలేకపోయాను."

"నువ్వు భరించలేకపోయావు," అంది వదిన. మాట మార్చలేదు, పెంచలేదు. లోపలికి వెళ్లి, తన మానిటర్ మీద గుడ్డ కప్పి, నాలుగు మూలలూ సరిచేసింది.

*

మెడలోని కార్డు సాయంత్రానికల్లా గేటు దగ్గర తీసేసుకున్నారు. లెక్కలమ్మ సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని గేటు బయట నిలబడింది. గెస్ట్‌హౌసుకు వెళ్లిపోవచ్చు, రైలుకు ఇంకా టైముంది. ఇంటికి వదిన ఒక్కతే వెళ్లి, అన్నయ్యకూ అమ్మకూ ఇవాళ్టి సంగతి ఒక్కతే చెప్పుకోవడం ఆమెకు ఊహించడానికి కూడా బాగాలేదు. ఈసారైనా తను చెప్పాలి. నవ్వించిందీ, ఆపనిదీ, అన్నీ.

సిపాయి కొంచెంసేపు చూసి దగ్గరికి వచ్చాడు. కార్డు లేదు కాబట్టి ఈసారి నిటారుగా నిలబడలేదు. "ఎవరి కోసమమ్మా?"

"గాలమ్మగారి కోసం."

"మీరేమవుతారు?"

ఆమె చెప్పబోయింది. ఆ మాట చెప్పే హక్కు తన దగ్గర ఇంకా ఉందో లేదో తెలియక ఆగిపోయింది. అప్పుడే షిఫ్టు వదిలారు. జనం గుంపుగా వస్తున్నారు, ఆ గుంపులో టిఫిన్ డబ్బా పట్టుకుని వదిన. సెక్షన్ పెద్దాయన పక్కనే నడుస్తున్నాడు గానీ మాట్లాడటం లేదు.

సిపాయి పిలిచాడు. "గాలమ్మగారూ, ఈవిడ మీ కోసమట. మీవాళ్లేనా?"

వదిన ఆగింది. లెక్కలమ్మను చూసింది, ఆమె కాళ్ల దగ్గరి సంచిని చూసింది. మా బుజ్జి అనడానికి ఎంతసేపు పడుతుందో లెక్కలమ్మకు తెలుసు. వదిన అంతకంటే కొంచెం ఎక్కువసేపు తీసుకుంది.

"మా ఆయన చెల్లెలు," అంది.

సిపాయి తల ఊపి పక్కకు తప్పుకున్నాడు. వరస సరిగ్గానే చెప్పింది వదిన, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చెప్పి, బస్సు వచ్చే వైపు నడిచింది. లెక్కలమ్మ సంచి భుజాన వేసుకుని ఆమె వెనకే వెళ్లింది.